ఉత్తరాన పొడిచిన పొద్దు

పెళ్లయి కాశీబుగ్గ కాపురానికొచ్చిన మర్నాడు నీలవేణికి సూర్యుడు ఉత్తరాన పొడిచాడు.

రెండు రాత్రుళ్లు నిద్రలేక అలా కనిపించిందేమో అనుకుంది. మొహం కడుక్కొచ్చి మళ్లీ చూసింది. వీధి చివర జీడిపప్పు ఫ్యాక్టరీ గొట్టం పక్కనుంచి పొద్దు ఎర్రగా పైకొస్తోంది. ఆ గొట్టం ఉన్నది ఉత్తరాన. అందులో ఆమెకు అనుమానం లేదు. అనుమానమల్లా సూర్యుడి మీదే.

అది పంతొమ్మిది వందల తొంభై ఏడు, వైశాఖ మాసం. నీలవేణి పుట్టి పెరిగింది కవిటి దగ్గర కొబ్బరితోటల్లో. ఆ ఊళ్లో కుడీ ఎడమా అనే మాటలు తినే చేతికీ తినని చేతికీ తప్ప పెద్దగా వాడరు. మంచం కాస్త పడమటికి జరపమంటారు, తూరుపు గట్టున చెప్పులున్నాయంటారు. తండ్రి సోములు తోటలోంచి కేకేసేవాడు. "నూతికాడ నుంచి పడమటికి నాలుగో వరస, ఉత్తరానికి మూడో సెట్టు. దాని మొదట్లో కత్తి మర్సిపోనాను, తే అమ్మా." నీలవేణి ఆలోచించకుండా వెళ్లి తెచ్చేది. సముద్రం తూర్పు, మహేంద్రగిరి పడమర, ఇచ్ఛాపురం ఉత్తరం, పలాస దక్షిణం. ఆకుల కింద ఆకాశం కనపడకపోయినా దిక్కులు మాత్రం ఒంట్లోనే ఉండేవి.

పెళ్లికూతురిని తీసుకొచ్చిన రోజున దారిలో గాలివాన పట్టుకుంది. కారు అద్దాలన్నీ ఎత్తేశారు. పక్కనున్న పిన్ని భుజం మీద వాలి నీలవేణి నిద్రపోయింది. కారు ఏ మలుపు దగ్గర ఎటు తిరిగిందో తెలియదు. లేపేసరికి మబ్బు పట్టిన మధ్యాహ్నం, ఎదురుగా అత్తవారి గుమ్మం, హారతి పళ్లెం. దిగింది, కుడికాలు లోపల పెట్టింది. ఆ దిగడం దిగడమే, దిక్కులన్నీ ఒక పావు వంతు తిరిగి కూర్చున్నాయి.

నాలుగు రోజులు పోయాక సర్దుకుంటుందిలే అనుకుంది. సర్దుకోలేదు. అత్తగారు దుర్గాంబ "తూరుపు గదిలో సాప తే" అంటే, నీలవేణి కాళ్లు తమంతట తామే దక్షిణపు గదిలోకి వెళ్లేవి. అక్కడ చాప ఉండేది కాదు, ఊక పొయ్యీ పాత సామానూ ఉండేవి. దుర్గాంబ గుమ్మంలో నిలబడి చూసి, "అటెల్తన్నావేటమ్మా?" అనేది. అంతకుమించి ఏమీ అనేది కాదు. దీపం పెట్టేటప్పుడు నీలవేణి ముందుగా వాకిట్లోకి పోయి పొద్దు ఎటుందో చూసి వచ్చేది. మబ్బు రోజున అదీ కుదిరేది కాదు.

ఒకరోజు ధైర్యం చేసి భర్తతో చెప్పింది. కామేష్ మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు. వరసకు బావ అవుతాడు కాబట్టి పెళ్లికి ముందు పిలిచినట్టే బావా అని పిలిచేది.

"బావా, ఈ ఊళ్లో పొద్దు ఉత్తరాన్నుంచి వత్తన్నాది."

కామేష్ నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి నవ్వాపి, ఒక కాగితం మీద ఇల్లూ వీధీ రైలు పట్టాలూ గీసి, పైన బాణం వేసి ఉత్తరం అని రాశాడు. నీలవేణి ఆ కాగితాన్ని చూసి తలూపింది. కాగితం మీద ఉన్నది అర్థమైంది. తల ఎత్తి కిటికీలోంచి చూసేసరికి మళ్లీ మామూలే. కామేష్ ఆమెను టెక్కలి తీసుకెళ్లి కళ్ల డాక్టరుకు కూడా చూపించాడు. ఆయన గోడ మీద అక్షరాలు చదివించి, కళ్లు నిక్షేపంలా ఉన్నాయన్నాడు. దిక్కుల మాట చెబితే, "ఎండలో తిరక్కండి" అన్నాడు.

ఆ రోజున ఇంకో వింత జరిగింది. టెక్కలిలో డాక్టరు దగ్గర్నుంచి బయటికొచ్చి చూస్తే పొద్దు పడమట వాలుతోంది. నిజంగా పడమటే. టెక్కలిలో దిక్కులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. తిరిగి బస్సులో కూర్చుని కళ్లు మూయకుండా చూస్తూ వచ్చింది. నందిగాం వైపు రోడ్డు దాటేవరకూ సరిగానే ఉంది. కాశీబుగ్గలో దిగేసరికి మళ్లీ తిరిగిపోయింది. మధ్యలో ఎక్కడ తిరిగిందో పట్టుకోలేకపోయింది.

ఈ సంగతి ఇక ఎవరికీ చెప్పకూడదని నిర్ణయించుకుంది. ఒక లెక్క కట్టుకుంది. తనకు ఉత్తరం అనిపించేది నిజానికి తూర్పు. తూర్పు అనిపించేది దక్షిణం. దక్షిణం అనిపిస్తే పడమర. అంటే ఏది అనిపిస్తే దాని పక్కది చెప్పాలి. ఈ దిద్దుబాటుతో రెండేళ్లు గడిచాయి. కూతురు యామిని పుట్టింది. అప్పటికి దుర్గాంబ తూర్పు గది అంటే నీలవేణి తప్పకుండా తూర్పు గదికే వెళ్లేది, కాకపోతే ఒక్క క్షణం ఆగి వెళ్లేది.

ఆ ఇంట్లో గూట్లో కొన్ని గైడ్లు పడి ఉండేవి. కామేష్ రైల్వే పరీక్షలు నాలుగుసార్లు రాసి తప్పాడు. వయసు దాటిపోయాక పుస్తకాలు పారెయ్యలేక అలా ఉంచాడు. పిల్ల పడుకున్నప్పుడు నీలవేణి అవి తీసి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా లెక్కలు చేసేది. ఇంటర్లో లెక్కలే తీసుకుంది. సంఖ్యల వరసలు, అక్షరాల మార్పులు, రక్తసంబంధాల చిక్కుముళ్లు, అన్నీ గబగబా వచ్చేసేవి. కామేష్ ఒకసారి వెనకనుంచి చూసి, "ఇది నాకెప్పుడూ రానేదు. ఎలగ సేసినావు?" అన్నాడు. చెబితే విని, బయటికెళ్లి కాసేపు వీధరుగు మీద కూర్చున్నాడు. తర్వాత ఒక వారానికి రైల్వే క్లర్కు పరీక్ష దరఖాస్తు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నువ్వు రాయి," అన్నాడు.

"నానా?"

"మరెవులు? నాకు వయసు నేదు కదా."

టెక్కలిలో వైకుంఠరావు అనే మాస్టారు ఒక మేడమీద గదిలో కోచింగు చెప్పేవాడు. నీలవేణి యామినిని అత్తగారికి అప్పగించి, పొద్దున బస్సెక్కి వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేది. పక్కన కూర్చునే శశికళ కూడా కాశీబుగ్గ అమ్మాయే. రెండో వారంలో దిక్కులూ దూరాలూ మొదలయ్యాయి.

వైకుంఠరావు బోర్డు మీద రాశాడు. ఒక వ్యక్తి ఉత్తరంగా పది మీటర్లు నడిచి, కుడికి తిరిగి ఆరు మీటర్లు నడిచి, మళ్లీ కుడికి తిరిగి పద్దెనిమిది మీటర్లు నడిచాడు. బయలుదేరిన చోటుకి ఇప్పుడు ఎంత దూరంలో, ఏ దిక్కున ఉన్నాడు?

శశికళ ఇంకా గీతలు గీస్తుండగానే నీలవేణి లేచి చెప్పింది. "పది మీటర్లండి. ఆగ్నేయం."

"ఎలాగమ్మా?"

"ఉత్తరానికి పది ఎల్లి దక్షిణానికి పద్దెనిమిది వచ్చేడండి. అంటే దక్షిణానికి ఎనిమిది మిగిలింది. తూర్పుకి ఆరు. ఆరూ ఎనిమిదీ అయితే మూలగా దూరం పదండి."

ఆమె బొమ్మ గీయలేదు. తండ్రి తోటలో నూతి దగ్గర్నుంచి నడిచింది, అంతే. వైకుంఠరావు చాలా సంతోషించాడు. అలాంటి లెక్కలు ఇరవై ఇచ్చి ఇంటి దగ్గర చేసుకురమ్మన్నాడు.

మర్నాడు కాగితాలు దిద్దుతూ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇరవైలో దూరాలు ఇరవై సరిగ్గా ఉన్నాయి. దిక్కులు పదిహేడు తప్పు. బోర్డు మీద చేసిన మొదటి లెక్కనే నీలవేణి మళ్లీ ఇంటి దగ్గర చేసి, పది మీటర్లు, నైరుతి అని రాసింది. దాన్ని కొట్టేసి ఈశాన్యం అని రాసింది. అది కూడా కొట్టేసింది.

"నిన్న ఇదే లెక్క నువ్వు నోటితో చెప్పేవు కదమ్మా."

"అవునండి."

"మామూలుగా పిల్లలు ఇంటిదగ్గర ఎవులిచేతో చేయించుకొచ్చి కరెట్టుగా తెత్తారు. క్లాసులో అడిగితే తెల్లమొహం ఏత్తారు. నీది తిరగబడి ఉందేటి?"

నీలవేణి కాగితం అందుకుంది. ఆ గదిలో కూర్చుని అదే కాగితం మళ్లీ చేస్తే ఇరవైకి ఇరవై వచ్చాయి. వైకుంఠరావు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

తిరుగు బస్సులో ఆమెకే తట్టింది. ఇంటి దగ్గర లెక్క చేసేటప్పుడు, అనిపించిన దిక్కుకి పక్కది చెప్పే అలవాటు కాగితం మీదికి కూడా వచ్చేస్తోంది. ఒక్కోసారి అవసరం లేకపోయినా దిద్దుతోంది. ఒక్కోసారి దిద్దానేమో అన్న అనుమానంతో వెనక్కి కూడా దిద్దుతోంది. కారణం తెలిసింది. తెలిసినా ప్రయోజనం లేకపోయింది. దిద్దకూడదని గట్టిగా అనుకుని కూర్చుంటే, ఇప్పుడు దిద్దలేదా, దిద్దేశానా అన్నదే పెద్ద చిక్కయిపోయేది.

"శశీ, ఇప్పుడు ఉత్తరం ఎటు?" అని బస్సులో అడిగింది.

శశికళ కిటికీలోంచి చూసి, "నాకేటి తెల్దు. పరీచ్చలో పైనున్నది ఉత్తరం," అంది. ఆ పిల్లకు దిక్కుల లెక్కలెప్పుడూ తప్పలేదు.

మొదటి పరీక్ష రెండువేల సంవత్సరంలో రాజమండ్రిలో పడింది. పది రోజుల ముందునుంచీ నీలవేణికి ఒకటే బెంగ. రాజమండ్రి తనకు కాశీబుగ్గలాంటిదా, టెక్కలిలాంటిదా? వెళ్లేవరకూ తెలియదు. కామేష్ సెలవు పెట్టి వెంట వచ్చాడు. పలాసలో రైలెక్కి కిటికీ దగ్గర కూర్చుని, సముద్రం ఎటుందో, కొండలు ఎటున్నాయో మనసులో పట్టుకుని వచ్చింది. విశాఖపట్నం దాకా పట్టు తప్పలేదు. అక్కడ బండి ఆగింది. ఇంజను విప్పి రెండో చివర తగిలించారు. బండి వచ్చిన వైపుకే కదిలింది. అంతవరకూ ఎదురొస్తున్న స్తంభాలు ఇప్పుడు వీపు వెనకనుంచి రావడం మొదలెట్టాయి.

"బావా, బండి మళ్లీ పలాస ఎల్లిపోతన్నాదేటి?"

"నేదు. ఇక్కడ చాలా బళ్లు ఇలగే తిరుగుతాయి."

"అయితే ఇప్పుడు సముద్రం ఎటుంది?"

కామేష్ ఇటు చూశాడు, అటు చూశాడు. "పరీక్ష గురించి ఆలోసించు," అన్నాడు. నిజానికి అతనికీ తెలియలేదు.

పరీక్ష గదిలో బయట మబ్బుగా ఉంది. దిక్కుల ప్రశ్నలు మూడు వచ్చాయి. నీలవేణి చెయ్యెత్తింది. పర్యవేక్షకుడు దగ్గరికొచ్చాడు.

"సార్, ఇక్కడ తూర్పు ఎటండీ?"

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, "ప్రశ్నలోనే ఉంటుంది. చదువుకోండి," అని వెళ్లిపోయాడు.

దిద్దాలో వద్దో తేలలేదు. ఒకటి దిద్ది, ఒకటి దిద్దకుండా, మూడోదాన్ని ఏం చేసిందో తనకే గుర్తులేకుండా పెట్టి వచ్చింది. వాటి మీద పోయిన కాలంలో చివరి పదిహేను లెక్కలు చూడనే లేదు. నాలుగు నెలలకు జాబితా వచ్చింది. నీలవేణి నంబరు లేదు. శశికళ నంబరు ఉంది. శశికళ స్వీటు డబ్బా తెచ్చి ఇచ్చి, "నీకు రావలసింది అక్కా," అని కళ్లు తుడుచుకుంది. అది నిజమో మర్యాదో నీలవేణికి తెలియలేదు. స్వీటు మాత్రం తింది.

ఆ తర్వాత రెండేళ్లు పుస్తకాలు మళ్లీ గూట్లోకి వెళ్లాయి. కవిటిలో సోములుకు కిడ్నీలు చెడ్డాయని తేలింది. ఆ వైపు ఇంటికొకరికి ఉన్న జబ్బే కాబట్టి ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మన వంతొచ్చింది," అన్నాడు. నీలవేణి కవిటికీ కాశీబుగ్గకీ తిరుగుతూ ఉండేది.

రెండువేల రెండులో వానాకాలం. పిడుగుపడి వీధిలో కరెంటు పోయిన ఒక సాయంత్రం దుర్గాంబ పిండి జల్లెడ పడుతూ, "నీలా, తూరుపు గదిలో లాంతరుంటాది, తే," అంది. నీలవేణి ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణాన్ని దుర్గాంబ అయిదేళ్లుగా చూస్తూనే ఉంది.

"ఎందుకలగ ఆగుతావు నువ్వు?"

నీలవేణి నోట్లోంచి మాట జారిపోయింది. "నాకది ఉత్తరపు గది అత్తా. వొచ్చిన కాడినుంచీ అంతే. పొద్దు నాకు ఉత్తరాన పొడుత్తాది."

దుర్గాంబ జల్లెడ ఆపింది. తర్వాత మెల్లగా అంది.

"నాకు దచ్చినాన పొడుత్తాది."

"ఏటత్తా?"

"నందిగాం నుంచి బండిమీద తెచ్చేరు నన్ను. చాపలు కట్టిన బండి. ఎటు తిరిగిందో ఎవులికి తెల్సు? దిగినాను. మర్నాడు పొద్దు దచ్చినాన పొడిచింది. నలభై రెండేళ్లయినాది. మీ మావకి కూడా సెప్పనేదు."

నీలవేణి పీట లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది. ఆ గది తనకు ఉత్తరం, అత్తగారికి దక్షిణం, ఊరందరికీ తూర్పు. ఇద్దరూ ఆ గది గుమ్మం వైపు చూశారు. అప్పుడే ఆఫీసునుంచి వచ్చిన కామేష్ చీకట్లో ఏం చూస్తున్నారో అర్థంకాక, తనూ అటే చూశాడు.

"మరి నువ్వెప్పుడూ తప్పవు కదత్తా. ఎలగ నెట్టుకొచ్చినావు?"

"నాను దిక్కు సూసుకోను. పేరు సూసుకుంటాను. దాని పేరు తూరుపు గది. అంతే. నీకు నీలవేణి అని పేరెట్టేరు. నీ జడ నీలంగా ఉందేటి? పిలిత్తే పలుకుతావా నేదా?"

ఆ మాట అత్తగారు మామూలుగానే అని, మళ్లీ జల్లెడ పట్టుకుంది. నీలవేణి లాంతరు తెచ్చింది.

మర్నాడు గైడు మళ్లీ కిందికి దించింది. చూపుడువేలు ఉత్తరం, నడిమివేలు తూర్పు, ఉంగరపువేలు దక్షిణం, చిటికెనవేలు పడమర. కుడికి తిరిగాడంటే ముందు వేలికి పో, ఎడమకి తిరిగాడంటే వెనక వేలికి రా. చిటికెనవేలు దాటితే మళ్లీ చూపుడువేలు. నడవద్దు, తిరగొద్దు, తోట తలుచుకోవద్దు. ఆదివారం తర్వాత సోమవారం వచ్చినట్టు పేర్ల తర్వాత పేర్లు. ఒక లెక్క తీసింది. దక్షిణంగా పదిహేను, ఎడమకు తిరిగి పన్నెండు, మళ్లీ ఎడమకు తిరిగి ఇరవై. ఉంగరపువేలి దగ్గర పదిహేను. వెనక్కి వస్తే నడిమివేలు, పన్నెండు. ఇంకా వెనక్కి వస్తే చూపుడువేలు, ఇరవై. ఎదురెదురు పేర్లు తీసేస్తే ఉత్తరం అయిదు, తూర్పు పన్నెండు. అయిదూ పన్నెండూ అయితే పదమూడు. ఈశాన్యం. వెనక జవాబులు చూసింది. సరిపోయింది.

ఆ రోజు ఇరవై చేసింది. ఇరవై సరిపోయాయి. సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కలిగింది. దిక్కులంటే ఇంతేనా? ఇన్నాళ్లూ ఒంట్లో ఉన్నదేమిటి మరి?

ఆ ఏడాది చివర ఆమెకు మలేరియా వచ్చింది. అయిదు రోజులు ఒళ్లు తెలియలేదు. ఆరో రోజు తెల్లవారి జ్వరం విడిచి లేచింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆ ఎండ తూర్పు నుంచి వస్తోంది. తూర్పు నుంచే. అనిపించడం, తెలియడం రెండూ ఒక్కటైపోయాయి.

నీలవేణి మంచం మీద కూర్చుని చుట్టూ చూసింది. గుమ్మం వేరే గోడకు ఉంది. బీరువా ఎవరో తిప్పి పెట్టినట్టుంది. లేచి నడిచి, పెరట్లో నూతి దగ్గరికనుకుని వీధిలోకి వచ్చేసింది. ఫ్యాక్టరీ గొట్టం ఉండవలసిన చోట లేదు, మరోచోట ఉంది. ఇది తనది కాని వీధిలా, ఎవరి ఇంటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుగా ఉంది. "అమ్మా" అని యామిని పిలిచింది. పిలుపు వచ్చిన వైపు తిరిగితే గోడ ఉంది. పిల్ల రెండోవైపు నుంచి వచ్చి చీర కుచ్చెళ్లు పట్టుకుంది.

"అత్తా," అని పిలిచింది నీలవేణి. "వంటిల్లు ఎటు?"

దుర్గాంబ లేచి వచ్చింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వంటింట్లో కూర్చోబెట్టి, గంజి తాగించి, మళ్లీ పడుకోబెట్టింది. మధ్యాహ్నం నిద్రలేచేసరికి దిక్కులు మళ్లీ తిరిగిపోయి ఉన్నాయి. గుమ్మం గుమ్మంలా ఉంది, బీరువా బీరువాలా ఉంది. నీలవేణి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అయిదేళ్లుగా ఏది సరికావాలని కోరుకుందో, అది సరైన పూట తన ఇంట్లో తనకు దారి దొరకలేదు. దీనికి సంతోషించాలో బాధపడాలో తేల్చుకోలేక, సాయంత్రం వరకూ పడుకునే ఉంది.

రెండో పరీక్ష రెండువేల మూడులో, విశాఖపట్నంలో. ఈసారి రైల్లో కిటికీ పక్కన కూర్చోలేదు. సముద్రం ఎటుందని అడగలేదు. పరీక్ష గదిలో మొదటి గంటలో తొంభై ప్రశ్నలు చేసింది. దిక్కులవి రెండొచ్చాయి. ఒకటి వేళ్ల మీద అయిపోయింది. రెండోది ఆమె గైడులో ఎప్పుడూ చూడనిది.

ఉదయం సూర్యోదయం తర్వాత ఉమ, ప్రియ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. ప్రియ నీడ ఉమకు సరిగ్గా కుడివైపున పడింది. ఉమ ఏ దిక్కుకు తిరిగి ఉంది?

ఉదయం అనే మాట చదవగానే కాశీబుగ్గ వీధి కళ్లముందుకొచ్చింది. గొట్టం పక్కనుంచి పొద్దు, ఉత్తరాన. నీడ దక్షిణానికి పడుతోంది. అది కుడివైపు ఉండాలంటే తూర్పుకు తిరగాలి. తూర్పు, మొదటి జవాబు. పెన్సిలు అక్కడికి పోయింది. ఆగింది. వేళ్లు చూసుకుంది. పొద్దు పేరు తూర్పు. నీడ దానికెదురు, పడమర, చిటికెనవేలు. కుడి అంటే ముందు వేలు. ఏ వేలి ముందు వేలు చిటికెనవేలు? ఉంగరపువేలు. దక్షిణం. మూడో జవాబు.

ఒంట్లో ఉన్నదంతా తూర్పు అంటోంది. వేళ్లు దక్షిణం అంటున్నాయి. దక్షిణానికి తిరిగి ఉన్న ఆడమనిషిని ఊహించుకుందామంటే ఆ మనిషి మొహం కనిపించలేదు. చాలాసేపు చూసి, మూడో వలయం నల్లగా దిద్దింది. దిద్దాక కూడా నమ్మకం కలగలేదు.

సాయంత్రం విశాఖ స్టేషన్లో పరీక్ష రాసినవాళ్లంతా ఆ నీడ ప్రశ్న మీదే వాదించుకుంటున్నారు. కొందరు ఉత్తరమన్నారు, కొందరు దక్షిణమన్నారు. వెంట వచ్చిన కామేష్ రెండు టికెట్లను ఎదురెదురుగా నిలబెట్టి, మూడోసారి పడిపోయాక, "ఉత్తరమే," అన్నాడు.

"నాను దచ్చినం పెట్టినాను."

"ఎందుకు?"

"వేలు అక్కడ ఆగింది బావా."

కామేష్ టికెట్లు జేబులో పెట్టుకున్నాడు.

వేసవి వెళ్లాక జాబితా వచ్చింది. నీలవేణి నంబరు ఉంది. ఎన్ని మార్కులో, ఏది తప్పో ఏది ఒప్పో అందులో ఉండదు. ఆ నీడ ప్రశ్న తనను గట్టెక్కించిందో, దాన్ని తప్పినా గట్టెక్కిందో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. టెక్కలి వెళ్లి చెబితే వైకుంఠరావు కుర్చీలోంచి లేచి నిలబడి, "అమ్మా, నీ కాగితాలు రెండూ ఇంకా దాచేను. అదేటో నాకు ఇప్పటికీ తేలనేదు," అన్నాడు. నీలవేణి ఆయనకు మొత్తం చెప్పింది, కారులో నిద్ర దగ్గర్నుంచి అత్తగారి మాట వరకూ. ఆయన శ్రద్ధగా విన్నాడు. "సరే సరే," అన్నాడు. అర్థమైందో లేదో చెప్పలేం.

కవిటిలో సోములు మంచం మీద లేచి కూర్చుని, ఉద్యోగం వచ్చిన కాగితం చేతిలోకి తీసుకుని తిరగేసి పట్టుకుని చూశాడు. "గవర్నమెంటా?" అని రెండుసార్లు అడిగాడు. దుర్గాంబ మాత్రం వార్త విన్న రోజున ముందుగా పొయ్యి చూసుకుంది. సాయంత్రం యామినికి జడ వేస్తూ, "నీకు ఉజ్జోగం ఇచ్చే వూళ్లో నీళ్లు బాగుంటాయా?" అంది. అంటే తనూ వస్తానని అర్థం.

శిక్షణ అయ్యాక నీలవేణికి ఒడిశా సరిహద్దు వైపు ఒక చిన్న స్టేషన్లో టికెట్ల కౌంటరు ఇచ్చారు. అక్కడ పెద్ద క్లర్కు బైరాగి. పొట్టిమనిషి, కళ్లు సగం మూసే మాట్లాడతాడు. అట్టముక్క టికెట్లు ఏ గూట్లో ఏ ఊరివి ఉంటాయో, తేదీ కొట్టే ఇనప మిషనులో వాటిని ఎలా పెట్టాలో ఒకసారి చూపించి, "సూసినావు కదా," అని పక్కకెళ్లి కూర్చున్నాడు.

మొదటి మనిషి ఎండుచేపల గంపతో వచ్చిన ముసలామె. సగం ఒడియాలో, సగం తెలుగులో పలాసకు టికెట్టు అడిగింది. నీలవేణి టికెట్టు తీసి మిషనులో పెట్టి కొట్టింది. తీసి చూసింది. ఊరి పేరు ఒకలా ఉంది, తేదీ తలకిందులుగా పడింది. టికెట్టు తిప్పి చూస్తే తేదీ సరిగ్గా ఉంది, ఊరు తలకిందులైంది.

"బైరాగి గారూ, ఇది తిరగబడిందండి."

ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి, టికెట్టు వేళ్లతో తడిమి మళ్లీ ఇచ్చేశాడు. "పర్నేదమ్మా. ఎక్కనిత్తారు."

ముసలామె గంప నెత్తిన పెట్టుకుని, టికెట్టు కొంగున ముడేసుకుని ప్లాట్‌ఫారం మీదికి పోయింది. నీలవేణి రెండో టికెట్టు చేతిలోకి తీసుకుని, దాన్ని ఏ వైపు నుంచి పెట్టాలా అని మిషను నోటి వైపు చూస్తూ నిలబడింది.